తగిన ఫ్యూజు తీగ



మన పెద్దవంగరలోగాని చుట్టుప్రక్కల గ్రామములలోగాని రాత్రివేళ నొక యింట దీపములన్నియు ఒక్కసారిగా ఆఱిపోయినచో, ఆ యింటివారు మొదట వాకిటికి వచ్చి యిఱుగుపొఱుగు ఇండ్లవైపు చూచెదరు. అచ్చటను చీకటియే యైనచో “కరెంటు పోయిన”దని నెమ్మదిగ కూర్చుందురు. పొఱుగింట దీపము వెలుగుచున్నచో “మన ఫ్యూజు పోయిన”దని గ్రహింతురు. అటుపిమ్మట పెద్దలలో నొకరో, మీవంటి బాలుడో బల్ల యెక్కి, మీటరు ప్రక్కనున్న తెల్లని పింగాణి బిళ్లను లాగి, చేతికి దొరికిన తీగముక్కను దానికి చుట్టి, మఱల నెక్కించును. దీపములు వెలుగును. అందఱును సంతోషింతురు. చేతికి దొరికిన ఆ తీగముక్క యెట్టిదని మాత్రము ఎవరును అడుగరు. ఆ ప్రశ్నయే యీ పాఠమునకు విషయము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా బంధువుల యింట జరిగిన సంగతి నొకదానిని ముందుగా చెప్పెదను. అది పెండ్లివారిల్లు. చుట్టములు నిండియుండిరి. చలికాలమగుటచే నీళ్లు కాచు రాడ్డు ఒకవైపు, ఇస్త్రీపెట్టె మఱియొకవైపు ఎడతెగక పనిచేయుచుండెను. సాయంకాలమునుండి రెండుమాఱులు ఫ్యూజు పోయెను. మూడవమాఱు పోయినప్పుడు ఒక యువకుడు విసుగుచెంది, పాత మోటారు తీగనుండి నాలుగు పోగులు తీసి, పెనవేసి, బిళ్లకు గట్టిగ చుట్టి, “ఇగ పోదు చూడు!” అనెను. అతడన్నట్లే అది పోలేదు. నడిరేయి దాటిన పిమ్మట గోడలోనుండి కమురు కంపు వచ్చెను. గొట్టములోని తీగల తొడుగు కరగి, బోర్డు వెనుక మంట పుట్టి, క్రింద మడచియుంచిన బొంతకు అంటుకొనెను. నిదురపట్టక దగ్గుచున్న యొక ముసలమ్మ పొగను కనిపెట్టి కేకవేయుటచే దేవుని దయవలన ప్రాణహాని తప్పినది. తెల్లవాఱిన తరువాత చూడగా ఇంటి తీగలన్నియు నల్లబడి యుండెను. ఆ నాలుగు పోగుల ఫ్యూజు మాత్రము చెక్కుచెదరక నిగనిగలాడుచుండెను. కావలివాడు క్షేమముగ నుండెను; ఇల్లు కాలెను.

ఆ యువకుని తప్పు ఏమి? అతడు ఫ్యూజు పోవుటను ఒక రోగముగా నెంచెను. నిజమునకు పోవుటయే ఫ్యూజు చేయవలసిన పని.

1. ఫ్యూజు అనగా నేమి?

మన తెలంగాణపు చెఱువు నొకదానిని తలచుకొనుడు. చెఱువునకు కట్ట యుండును. ఆ కట్టకు ఒకప్రక్క మత్తడి యుండును. మత్తడిని కట్టకంటె తక్కువ యెత్తున నిర్మింతురు. వానలు మిక్కుటమై నీరు హెచ్చినప్పుడు ఆ నీరు మత్తడిమీదుగా పొర్లిపోవును, కట్ట నిలుచును. ఎవడైన దురాశచే మఱికొంత నీరు నిలుపగోరి మత్తడిమీద ఇసుక బస్తాలు పేర్చినచో, నీటికి వేఱు దారి లేక కట్టయే తెగును. మత్తడి తక్కువగ నుండుట నిర్మించినవారి పొరపాటు కాదు. అది వారి వివేకము.

ఇంటి విద్యుత్ మార్గములో ఫ్యూజు అట్టి మత్తడి. మార్గమంతటిలో ఒక్కచోట, కంటికి కనబడు తావున, మంటకు అంటుకొనని పింగాణిలో, ఇంటి తీగకంటె సన్నని తీగముక్క నొకదానిని బుద్ధిపూర్వకముగా అమర్చుదురు. ప్రవాహము మితిమీఱినచో తక్కిన తీగలు వేడెక్కకమునుపే ఆ ముక్క కరగి తెగును. తెగినంతనే మార్గము విచ్ఛిన్నమై ప్రవాహము ఆగును. మత్తడి అధికమైన నీటిని మాత్రమే విడుచును. ఫ్యూజు ప్రవాహమంతటిని ఆపివేయును. భేద మింతియే.

ఈ యుపాయము నిన్న మొన్నటిది కాదు. పిడుగుపాటునుండి తంతి యంత్రములను కాపాడుటకై సన్నని తీగలను వాడవచ్చునని ఫ్రాన్సుదేశీయుడైన బ్రెగె 1847లో సూచించెను. ఇండ్లలో విద్యుద్దీపములు వ్యాపించిన పిమ్మట అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ 1890లో ఫ్యూజునకు పేటెంటు పొందెను.

2. సన్నని తీగయే యేల ముందు కరగును?

ఇంటి తీగలోను ఫ్యూజు తీగలోను పాఱు ప్రవాహ మొక్కటియే, రెండును రాగియే. అయినను ఒకటి కరగుట, మఱియొకటి నిలుచుట యెట్లు? లెక్కవేసి చూతము.

సామాన్యముగ దీపముల మార్గమునకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను వాడుదురు. 5 ఆంపియర్ల ఫ్యూజు తీగ వ్యాసము 0.20 మిల్లీమీటరు, దాని అడ్డుకోత వైశాల్యము సుమారు 0.031 చదరపు మిల్లీమీటరు. అనగా ఇంటి తీగలో రమారమి 48వ వంతు. తీగ యెంత సన్ననిదో దాని నిరోధము అంత హెచ్చు. కావున సమానమైన పొడవులో ఫ్యూజునందు 48 రెట్లు వేడి పుట్టును. ఆ వేడిని పంచుకొనుటకు అందున్న రాగి 48వ వంతే. 48ని 48చే గుణింపగా 2304 అగును. తీగలు రెండును కలియుటచే అకస్మాత్తుగ మహాప్రవాహము పాఱినప్పుడు ఫ్యూజు తీగ ఇంటి తీగకంటె రెండువేల రెట్లకు మించిన వేగముతో వేడెక్కునన్నమాట. రాగి కరగుటకు 1085 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలయును. రెప్పపాటులో ఫ్యూజు ఆ వేడిని అందుకొని తెగును. ఇంటి తీగకు సంగతియే తెలియదు.

ఇంటి తీగమీది పి.వి.సి. తొడుగు 70 డిగ్రీలకు మించిన వేడిని ఎడతెగక ఓర్వజాలదు. రాగి కరగనక్కఱలేదు, అంతకు చాల ముందే తొడుగు మెత్తబడి, పగిలి, మంటకు దారితీయును. కావుననే ఫ్యూజు తీగను నాలుగు పోగులుగ పెనవేయుట ప్రమాదము. నాలుగు పోగులు రమారమి నాలుగు ఫ్యూజుల బలమును పొందును. అప్పుడు మార్గములో బలహీనమైన తావు పింగాణి బిళ్లలో నుండక గోడలోనికి పోవును. ఫ్యూజును తీసివేసినను ఇంటిలో ఫ్యూజు లేకుండపోదు. ఇంటి తీగయే ఫ్యూజగును.

3. ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు కావలయును?

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. ప్రతి పరికరముమీదను దాని వాట్టులు వ్రాసియుండును. వాట్టులను 230చే భాగించినచో అది తీసికొను ప్రవాహము ఆంపియర్లలో వచ్చును. ఫ్యాను మోటారు వంటివానిలో అల్పభేద మున్నను, ఇంటి లెక్కకు ఈ సూత్రము చాలును.

ఒక యింట 9 వాట్టుల బల్బులు నాలుగు, 75 వాట్టుల ఫ్యానులు మూడు, 100 వాట్టుల టెలివిజన్ ఒకటి గలవనుకొందము. మొత్తము 36, 225, 100 కలిసి 361 వాట్టులు. దీనిని 230చే భాగింపగా సుమారు 1.6 ఆంపియర్లు. వీనికి 5 ఆంపియర్ల ఫ్యూజు ధారాళముగ చాలును.

ఇప్పుడు అదే మార్గమునకు 1000 వాట్టుల ఇస్త్రీపెట్టెను, 1500 వాట్టుల నీళ్ల రాడ్డును తగిలించితి మనుకొనుడు. మొత్తము 2861 వాట్టులు. ప్రవాహము సుమారు 12.4 ఆంపియర్లు. 5 ఆంపియర్ల ఫ్యూజు కరగును, కరగవలయును. పెండ్లివారింట జరిగినది ఇదియే. అచ్చట తప్పు ఫ్యూజుది కాదు, దీపముల మార్గముమీద మోపిన బరువుది. ఇస్త్రీపెట్టెను, రాడ్డును 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో వేఱుగ వచ్చు పవరు మార్గమునకు మాఱ్చినచో, ఆ రెండును కలిసి 10.9 ఆంపియర్లే, అచ్చట 15 ఆంపియర్ల ఫ్యూజు సుఖముగ నిలుచును. రాడ్డు వంటి పెద్ద పరికరమును లావైన కాళ్లుగల 16 ఆంపియర్ల ప్లగ్గుతోనే తగిలింపవలయును.

కళాయి పూసిన రాగి ఫ్యూజు తీగకు సాధారణముగ గ్రంథములలో నిచ్చు కొలతలివి:

5 ఆంపియర్లకు – 0.20 మి.మీ. వ్యాసము
10 ఆంపియర్లకు – 0.35 మి.మీ.
15 ఆంపియర్లకు – 0.50 మి.మీ.
20 ఆంపియర్లకు – 0.60 మి.మీ.
30 ఆంపియర్లకు – 0.85 మి.మీ.

దుకాణములో తీగ కొనునపుడు “ఫ్యూజు తీగ” యని మాత్రమే అడుగక, ఎన్ని ఆంపియర్లదో చెప్పి కొనుడు. 5 ఆంపియర్ల తీగ 5 దాటిన క్షణముననే తెగదని కూడ తెలిసికొనుడు. పింగాణి బిళ్లలోని తీగ సామాన్యముగ తన కొలతకు రమారమి రెట్టింపు ప్రవాహము పాఱిననేగాని కరగదు. అందుచేత “కొంచెము లావుదైన నేమి?” అను మాటకు ఇచ్చట చోటు లేదు, ఆ కొంచెము మొదటనే ఇచ్చివేయబడినది. ఇంటి తీగ మోయగల ప్రవాహమునకు మించిన ఫ్యూజును ఎన్నడును వేయరాదు. ఫ్యూజు కాపాడునది పరికరమును కాదు, తీగను.

4. ఫ్యూజు వేయు విధము

ఈ పనిని పెద్దల యెదుటనే నేర్చుకొనుడు. చిన్న తరగతుల బాలురు చేయరాదు.

మొదట మెయిన్ స్విచ్చిని కట్టవలయును. పాదములకు పొడి చెప్పులు తొడిగికొని, పొడి చేతులతో, పొడి చెక్కబల్లమీద నిలువవలయును. చీకటిలో తడుముకొనక బ్యాటరీ దీపమును మఱియొకరిచేత పట్టించవలయును.

రెండవది, కారణమును వెదకవలయును. ఫ్యూజు పోవునప్పటికి ఏ పరికరము నడచుచుండెను? ఏదైన తగిలించినంతనే పోయెనా? అట్లైన ఆ పరికరమును ఊడదీసి ప్రక్కన పెట్టుడు. బిళ్లను లాగి చూచినప్పుడు తీగ నడుమ మాత్రము తెగియున్నచో బరువు హెచ్చినదని తలపవచ్చును. పింగాణి అంతయు నల్లబడి, రాగి తుంపరలు చిందియున్నచో తీగలు రెండు ఎచ్చటనో కలిసినవని యనుమానింపవలయును. అప్పుడు పనితెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలువకుండ ఫ్యూజు నెక్కింపరాదు.

మూడవది, పాత తీగ ముక్కలను పూర్తిగ తీసివేసి, సరియైన కొలతగల తీగను ఒక్కపోగునే తీసికొని, ఒక మఱకు చుట్టి బిగించి, పింగాణి గాడిలోనుండి నడపి, రెండవ మఱకు చుట్టి బిగింపవలయును. తీగను తీగెపాటుగ లాగరాదు. లాగినచో సన్నబడి అకాలమున తెగును. మఱ వదులుగ నున్నచో అచ్చటనే వేడి పుట్టి బిళ్ల మాడును. మిగిలిన కొనలను కత్తిరించి, బిళ్లను దాని గూటిలో గట్టిగ నొక్కి, అటుపిమ్మట మెయిన్ స్విచ్చి వేయవలయును.

నాలుగవది, వెంటనే మఱల పోయినచో రెండవమాఱు వేయకుడు. ఫ్యూజు ఒకసారి పోవుట హెచ్చరిక. రెండవసారి పోవుట సాక్ష్యము.

ఫ్యూజు ఎల్లప్పుడు ఫేజు తీగలోనే యుండవలయును. భూమికి కలిపిన న్యూట్రల్ తీగలో ఫ్యూజు ఉంచరాదని 1956 నాటి భారత విద్యుత్ నియమములే నిషేధించినవి. న్యూట్రల్ ఫ్యూజు తెగినచో దీపమాఱును, కాని ఫేజు పోదు. విద్యుత్తు లేదని నమ్మి తీగ ముట్టినవానికి అది మృత్యువగును.

ఇటీవల కట్టిన ఇండ్లలో పింగాణి బిళ్లలకు బదులు ఎం.సి.బి. అను చిన్న స్విచ్చులు అమర్చుచున్నారు. అవి కరగవు, ప్రవాహము హెచ్చినప్పుడు తమంతట తామే క్రిందికి పడును. తీగ చుట్టు పని తప్పినదేగాని ధర్మము మాఱలేదు. 6 ఆంపియర్ల ఎం.సి.బి. మాటిమాటికి పడుచున్నదని 32 ఆంపియర్లది పెట్టించుట మత్తడిమీద ఇసుక బస్తాలు పేర్చుటయే.

5. ప్లగ్గులోని ఫ్యూజు

మన దేశపు గుండ్రని మూడుకాళ్ల ప్లగ్గులో ఫ్యూజు ఉండదు. కాని మన జిల్లాలనుండి దుబాయి, కతార్, కువైట్ వంటి చోట్లకు పనికై పోయినవారు సెలవులకు వచ్చునపుడు తెచ్చు ఇస్త్రీపెట్టెలకు, దీపములకు చదరపు కాళ్లుగల పెద్ద ప్లగ్గు ఉండుట మీరు చూచియుందురు. అది ఇంగ్లండు వారి పద్ధతి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున రాగి కొఱత యేర్పడగా, తక్కువ తీగతో ఇల్లంతయు చుట్టివచ్చు వలయమార్గమును అచ్చటివారు ఆలోచించిరి. ఆ వలయమునకు 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటియే యుండును. దానికి తగిలించు చిన్న దీపపు సన్నతీగను 30 ఆంపియర్ల ఫ్యూజు కాపాడలేదు గదా! అందుచేత ప్రతి ప్లగ్గులోను దానిదైన చిన్న ఫ్యూజు నుంచు ప్లగ్గును 1947లో ప్రమాణముగ ప్రకటించిరి. మన పద్ధతిలో బోర్డునుండి మార్గములు విడివిడిగ పోవును గనుక ఫ్యూజు బోర్డుమీదనే యుండును.

ఆ ప్లగ్గు మఱను విప్పినచో లోపల చిన్న గొట్టమువంటి ఫ్యూజు కనబడును. దానిమీద అంకె వ్రాసియుండును. 3 ఆంపియర్లది ఎఱ్ఱని గుఱుతుతోను, 13 ఆంపియర్లది గోధుమరంగు గుఱుతుతోను వచ్చును. 3ని 230చే గుణింపగా 690. కావున సుమారు 700 వాట్టులలోపు పరికరములకు 3 ఆంపియర్లది, అంతకు మించినవానికి 13 ఆంపియర్లది వేయుదురు. చదువుకొను దీపమునకు 13 ఆంపియర్ల ఫ్యూజు వేసినను దీపము వెలుగును. కాని దాని సన్నతీగ నలిగి లోపల తీగలు కలిసిననాడు ఫ్యూజు ఆలస్యము చేయును, తీగ కాలును. ఆ గొట్టము పోయినచో దానికి సిగరెట్టు పెట్టెలోని వెండికాగితము చుట్టి పెట్టుట కొందఱి వాడుక. అది ఫ్యూజు కాదు, ఫ్యూజు వేషము.

6. ఫ్యూజు చేయలేని పని

ఇంత చెప్పిన పిమ్మట ఒక భ్రమను తొలగింపవలయును. ఫ్యూజు ఇంటిని మంటనుండి కాపాడును. మనుష్యుని షాకునుండి కాపాడజాలదు. ఆంపియరులో వేయవ వంతును మిల్లీ ఆంపియరందురు. 30 మిల్లీ ఆంపియర్లకు మించిన ప్రవాహము గుండెగుండ పాఱినచో ప్రాణాపాయము కలుగవచ్చును. 5 ఆంపియర్లనగా 5000 మిల్లీ ఆంపియర్లు. మనుష్యుడు కూలిన తరువాతకూడ ఫ్యూజు కదలక నిలుచును. షాకునుండి రక్షించునవి మంచి ఎర్త్ తీగయు, 30 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము ప్రక్కదారి పట్టినంతనే మార్గమును త్రెంచు ఆర్.సి.సి.బి. యను పరికరమును. ఫ్యూజున్నదను ధైర్యముతో తడిచేతితో స్విచ్చి ముట్టకుడు.

ఇక కడపటి మాట మీ తండ్రులకును అన్నలకును. పొలమువద్ద మోటారు నిలిచినపుడు ట్రాన్స్‌ఫార్మరు గద్దెయెక్కి తామే ఫ్యూజు వేయబోయి ప్రాణములు గోల్పోయిన రైతులు మన తెలంగాణమున పెక్కుమంది. ఇంటి ఫ్యూజు వేయ నేర్చినవానికి ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు వేయ వచ్చునని తలచుట గొప్ప పొరపాటు. అచ్చట ఒకప్రక్క 11,000 వోల్టులుండును. ఏబీ స్విచ్చి దింపితిమని తలచినను మూడు చేతులలో నొకటి విడివడక నిలిచియుండవచ్చును. క్రిందినుండి చూచువానికి అది సరిగ కానరాదు. నాటిన వరి ఎండునను ఆతురత గొప్పదే. కాని నాటువేసినవాడు లేని వరి ఎవరికొఱకు? లైన్‌మన్‌కు కబురంపుడు, లేదా 1912 అను సంఖ్యకు ఫోనుచేయుడు, వచ్చువఱకు వేచియుండుడు. ఈ మాటను మీరు పాఠశాలనుండి ఇంటికి మోసికొనిపోయి చెప్పినయెడల, ఈ పాఠము వ్రాసిన శ్రమ ఫలించినట్లే.

బాలబాలికలారా! లోకములో అందఱును బలమునే మెచ్చుకొందురు. కాని ఇంటివారందఱును నిదురించువేళ గోడమీద పింగాణి గూటిలో నుండి ఇంటిని కాచునది వెండ్రుకవలె సన్నని తీగ. తాను తెగి ఇతరులను కాపాడుటయే దాని సేవ. దానిని బలపఱచితిమని సంతసించుట దాని పనిని చెఱచుటయే. మత్తడిని మత్తడిగ నుండనిండు, కట్ట నిలుచును.

అభ్యాసము

1. 750 వాట్టుల ఇస్త్రీపెట్టె ఒకటి, 75 వాట్టుల ఫ్యానులు రెండు, 9 వాట్టుల బల్బులు అయిదు ఒకేసారి నడచుచున్నవి. 230 వోల్టులవద్ద ప్రవాహమెంత? 5 ఆంపియర్ల ఫ్యూజు చాలునా?

2. దీపముల మార్గములో 15 ఆంపియర్ల ఫ్యూజు వేసినచో దీపములు మునుపటికంటె హెచ్చుగ వెలుగునా? కారణము చెప్పుడు.

3. పెద్దలను వెంటబెట్టుకొని మీ యింటి ఫ్యూజు బోర్డును, ముట్టకుండ, పరీక్షింపుడు. మెయిన్ స్విచ్చి ఎచ్చటనున్నది? ఏ బిళ్ల ఏ గదిది? బిళ్ల ప్రక్కన దాని గది పేరును, ఆంపియర్ల సంఖ్యను కాగితముపై వ్రాసి అంటింపుడు. చీకటిలో ఆ కాగితము మీకు ఉపయోగపడును.